స్టేట్ మెషీన్‌లో సెల్ఫ్ ట్రాన్సిషన్ ఎలా గీయాలి, ఎలా రాయాలి: ఈ-వే బిల్లు ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

బిజినెస్ ప్రాసెస్‌కి స్టేట్ మెషీన్ (ఒక పని ఏయే దశల్లో, అంటే స్టేట్లలో, ఉంటుందో, ఏ సంఘటన, అంటే ఈవెంట్, వస్తే ఏ దశకి మారుతుందో చూపించే బొమ్మ) గీయమంటే ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి బాణాలు గీయడం ఎవరికైనా వచ్చేస్తుంది. బుక్ అయ్యింది, బయల్దేరింది, చేరింది, బిల్లు అయ్యింది, అంతే. చిక్కంతా ఒక డబ్బాలోంచి బయల్దేరి గిర్రున తిరిగి మళ్ళీ అదే డబ్బాలోకి దిగే బాణం దగ్గరే. స్టేటస్ మారలేదు, అయినా ఏదో జరిగింది, జరిగిన దానికి విలువ ఉంది. దీన్నే సెల్ఫ్ ట్రాన్సిషన్ అంటారు. చాలామంది ఇది చిన్న విషయం అనుకుని ఏదో ఒక లూప్ గీసేసి ముందుకెళ్ళిపోతారు, తర్వాత ప్రొడక్షన్‌లో రిమైండర్లు రెండేసి సార్లు వెళ్ళడం, గడువు అయిపోయిన కేసు డ్యాష్‌బోర్డులో ఇంకా పచ్చగానే కనిపించడం, రిట్రై ఎప్పటికీ ఆగకపోవడం, ఇవన్నీ అక్కడి నుంచే పుడతాయి.

నేను ఈ గైడ్‌లో గట్టిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే. లూప్ బాణం గీసే ముందు "ఈ ఈవెంట్ వస్తే ఈ స్టేట్ గడియారం మళ్ళీ మొదటి నుంచి మొదలవ్వాలా, నడుస్తున్నదే నడవాలా" అని అడగండి, అదీ ఆ పని రోజూ చేసే ఆఫీసు వాళ్ళని అడగండి. దానికి జవాబు వాళ్ళ దగ్గర ఉంటుంది, మన లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో ఉండదు.

ఉదాహరణకి ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణా కోసం జీఎస్టీ కింద ప్రభుత్వ పోర్టల్‌లో తీసే బిల్లు, తీసుకుంటున్నా. మన విశాఖలో గాజువాక ఆటోనగర్ వైపు ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్ళినా రోజూ కనిపించే కాయితం ఇది, పైగా దీని రూల్స్‌లోనే రెండు రకాల సెల్ఫ్ ట్రాన్సిషన్లూ పక్కపక్కన ఉన్నాయి, ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. మధురవాడ, రుషికొండ వైపు ఆఫీసుల్లో లాజిస్టిక్స్ ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్ళకి ఇది నేరుగా పనికొస్తుంది, వేరే డొమైన్ వాళ్ళు కూడా పేర్లు మార్చుకుని వాడేసుకోవచ్చు.

స్టెప్ 1: ముందు రూల్స్ కాయితం మీద రాసుకోండి

డయాగ్రామ్ టూల్ ఇప్పుడే తెరవకండి. ఈ-వే బిల్లుకి సంబంధించి మనకి కావలసిన రూల్స్ ఇవి.

అంతర్‌రాష్ట్ర సరుకు రవాణాకి 2018 ఏప్రిల్ 1 నుంచి ఇది వచ్చింది, సాధారణంగా సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే తీయాలి. పార్ట్-ఎలో సరుకు వివరాలు, పార్ట్-బిలో బండి వివరాలు. పార్ట్-బి మొదటిసారి నింపినప్పుడే గడువు లెక్క మొదలవుతుంది. మామూలు సరుకైతే ప్రతి 200 కిలోమీటర్లకీ, అందులో మిగిలిన ముక్కకీ ఒక్కో రోజు (2021 జనవరి 1కి ముందు ఇది 100 కిలోమీటర్లు ఉండేది). మొదటి రోజు అంటే మర్నాడు అర్ధరాత్రి దాకా అని లెక్క. విశాఖ నుంచి హైదరాబాద్ సుమారు 620 కిలోమీటర్లు అనుకుంటే నాలుగు రోజులు వస్తాయి, సోమవారం పొద్దున తీసిన బిల్లు శుక్రవారం అర్ధరాత్రి దాకా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు రెండు రూల్స్. దారిలో బండి మారితే పార్ట్-బిలో కొత్త బండి నంబర్ వేసుకోవచ్చు, కానీ గడువు మారదు. గడువు సరిపోకపోతే పొడిగించుకోవచ్చు, అది గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల దాకా మాత్రమే, అప్పుడు బండి ఎక్కడుంది, ఇంకా ఎంత దూరం ఉంది, ఎందుకు ఆలస్యమయ్యింది అన్నీ చెప్పాలి, మిగిలిన దూరాన్ని బట్టి కొత్త గడువు వస్తుంది. గడువు ఎప్పుడూ అర్ధరాత్రే ముగుస్తుంది కాబట్టి ఈ కిటికీ సాయంత్రం 4 నుంచి మర్నాడు పొద్దున 8 దాకా అన్నమాట. 2025 జనవరి 1 నుంచి ఇంకో హద్దు పెట్టారు, బిల్లు తీసిన రోజు నుంచి 360 రోజులు దాటి పొడిగించడం కుదరదు. క్యాన్సిల్ చెయ్యాలంటే తీసిన 24 గంటల్లోపే, అది కూడా దారిలో ఆఫీసర్ చెక్ చెయ్యకపోతేనే.

స్టెప్ 2: స్టేట్లు, వాటి ఎంట్రీ, ఎగ్జిట్ రాయండి

మన ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి ఈ స్టేట్లు చాలు: పార్ట్-ఎ మాత్రమే, చెల్లుబాటులో ఉంది, గడువు దాటింది, డెలివరీ అయ్యింది, క్యాన్సిల్, మూసేశాం. డెలివరీ అయ్యింది అనేది మన ఆఫీసు లెక్క కోసం మనం పెట్టుకున్నది.

మనకి కావలసింది నడిమధ్య ఉన్న డబ్బా. ఎంట్రీ అంటే ఆ స్టేట్‌లోకి రాగానే జరిగే పని, ఎగ్జిట్ అంటే దాన్ని వదిలి వెళ్ళేటప్పుడు జరిగే పని. దాన్ని ఇలా రాసుకోండి:

చెల్లుబాటులో ఉంది
ఎంట్రీ: గడువుకి 8 గంటల ముందు మోగే హెచ్చరిక టైమర్ పెట్టు, గడువు టైమర్ పెట్టు, డ్రైవర్‌కీ కస్టమర్‌కీ గడువు తేదీతో మెసేజ్ పంపు
ఎగ్జిట్: రెండు టైమర్లూ తీసెయ్యి

ఎంట్రీ, ఎగ్జిట్ రాయకుండా సెల్ఫ్ ట్రాన్సిషన్ గురించి మాట్లాడుకోవడం వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ రెండూ ఖాళీగా ఉంటే ఏ రకం లూప్ గీసినా ఫలితం దాదాపు ఒకటే. తేడా బయటపడేది ఎంట్రీలో ఏదైనా పని ఉన్నప్పుడే. చాలా టీముల్లో మొదట్లో ఎంట్రీ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, ఆర్నెల్ల తర్వాత ఎవరో ఎంట్రీలో ఒక మెసేజ్ పంపే లైను కలుపుతారు, అప్పటిదాకా నిద్రపోతున్న లూపులన్నీ ఒక్కసారి లేచి కూర్చుంటాయి.

కొంచెం చరిత్ర కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే అది తెలిస్తే ఎంట్రీ యాక్షన్ ఏది, బాణం మీది యాక్షన్ ఏది అన్న అయోమయం పోతుంది. 1955లో జార్జ్ మీలీ చెప్పిన మెషీన్‌లో అవుట్‌పుట్ బాణం మీద ఉంటుంది, 1956లో ఎడ్వర్డ్ మూర్ చెప్పిన దాంట్లో అవుట్‌పుట్ స్టేట్‌కి అతుక్కుని ఉంటుంది. 1987లో డేవిడ్ హారెల్ స్టేట్‌చార్టుల మీద పేపర్ రాసినప్పుడు రెండింటినీ కలిపాడు, స్టేట్‌లో స్టేట్ పెట్టడం కూడా తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ డిజైన్ బొమ్మలు గీసే ప్రమాణమైన యూఎమ్ఎల్‌లో స్టేట్ మెషీన్లని దాని మీదే కట్టారు. అందుకే ఒకే ఈవెంట్‌కి పని పెట్టడానికి ఎగ్జిట్, బాణం, ఎంట్రీ అని మూడు చోట్లు ఉన్నాయి.

స్టెప్ 3: ఆ స్టేట్‌లో ఉండగా ఏమేం ఈవెంట్లు రావచ్చో అన్నీ రాయండి

ఆఫీసు వాళ్ళ పక్కన కూర్చుని రాయాలి, మనం ఊహించుకుంటే సగమే వస్తాయి. చెల్లుబాటులో ఉండగా: బండి మార్పు, పొడిగింపు, దారిలో చెకింగ్, డెలివరీ, క్యాన్సిల్, డ్రైవర్ ఫోన్ నంబర్ మార్పు, ఆఫీసు నోట్, పోర్టల్ నుంచి అదే సమాచారం రెండోసారి రావడం, గడువు టైమర్ మోగడం.

వీటిలో డెలివరీ, క్యాన్సిల్, గడువు టైమర్ మూడూ వేరే డబ్బాలకి పోతాయి, వాటితో గొడవ లేదు. మిగతావన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, స్టేటస్ మారదు. ఇక్కడే చెయ్యాల్సిన పని ఉంది.

స్టెప్ 4: ప్రతి దాన్నీ వేరు చెయ్యండి

స్టేటస్ మారని ఈవెంట్ ఎప్పుడూ ఈ ఐదింట్లో ఒకటి అవుతుంది.

మొదటిది ఇంటర్నల్ ట్రాన్సిషన్. స్టేట్‌లోంచి బయటికి వెళ్ళం, బాణం మీది యాక్షన్ మాత్రం జరుగుతుంది, ఎగ్జిట్ లేదు, ఎంట్రీ లేదు. బండి మార్పు ఇదే. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన్ని ఇదే ప్రశ్న అడిగితే "ఏటి బాబూ, బండి మారితే గడువు మారతాదేటి, బిల్లు అదే, కిలోమీటర్లు అవే" అన్నారు. డిజైన్‌కి కావలసిన జవాబు అందులోనే ఉంది. లారీ తుని దగ్గర ఆగిపోయి ఇంకో లారీలోకి లోడు మార్చారనుకోండి, బండి నంబర్ మారుతుంది, హిస్టరీలో ఒక లైను పడుతుంది, టైమర్లని ముట్టుకోకూడదు, కస్టమర్‌కి "మీ బిల్లు చెల్లుబాటులోకి వచ్చింది" అని మళ్ళీ మెసేజ్ వెళ్ళకూడదు.

రెండోది ఎక్స్‌టర్నల్ సెల్ఫ్ ట్రాన్సిషన్. నిజంగా బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వస్తాం, ముందు ఎగ్జిట్, తర్వాత బాణం మీది యాక్షన్, ఆ తర్వాత ఎంట్రీ, ఈ వరసలోనే. పొడిగింపు ఇదే. నందిగామ దగ్గర హైవే మీదకి నీళ్ళొచ్చి బండి ఆగిపోయింది, సాయంత్రం 4 తర్వాత పొడిగించారు, అప్పుడు పాత టైమర్లు పోవాలి, కొత్త గడువు పడాలి, కొత్త టైమర్లు పెట్టాలి, కొత్త తేదీతో మెసేజ్ వెళ్ళాలి. ఇంట్లో హాల్లోంచి వంటగదిలోకి వెళ్ళడం వేరు, వీధిలోకి వెళ్ళొస్తే మళ్ళీ చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం వేరు, ఈ రెండు బాణాలకీ తేడా అంతే.

మూడోది ఇగ్నోర్, అంటే తెలిసే పక్కన పెట్టేశాం అని. పోర్టల్ నుంచి అదే సమాచారం రెండోసారి వస్తే ఇది. ఏమీ చెయ్యకపోవడం కూడా మనం తీసుకున్న నిర్ణయమేనని డయాగ్రామ్‌లో రాసి ఉండాలి, లేకపోతే చదివేవాడికి మర్చిపోయారేమో అనిపిస్తుంది.

నాలుగోది తప్పు. ఆ స్టేట్‌లో అసలు రాకూడని ఈవెంట్. చెల్లుబాటులో ఉన్న బిల్లుకి పార్ట్-ఎ మార్చమని వస్తే ఎర్రర్ ఇవ్వాలి, ఎందుకంటే తీసిన బిల్లు పార్ట్-ఎ మార్చడం కుదరదు, క్యాన్సిల్ చేసి కొత్తది తీసుకోవాల్సిందే.

ఐదోది, ఇది సెల్ఫ్ ట్రాన్సిషన్ వేషంలో ఉన్న కొత్త స్టేట్. దారిలో చెకింగ్ చూడండి. పైకి స్టేటస్ చెల్లుబాటులోనే ఉంది, కానీ ఆఫీసర్ చెక్ చేశాక ఇక క్యాన్సిల్ చెయ్యలేం. అంటే ఆ ఈవెంట్ తర్వాత రాదగిన ఈవెంట్ల జాబితా మారిపోయింది. జాబితా మారితే అది వేరే స్టేట్ కిందే లెక్క, లూప్ గీస్తే ఆ నిజం దాక్కుంటుంది. చెల్లుబాటులో ఉంది అనే పెద్ద డబ్బాలో చెక్ కానిది, చెక్ అయ్యింది అని రెండు చిన్న డబ్బాలు పెట్టండి, లేదా ఒక ఫ్లాగ్ (అవును, కాదు అని చెప్పే గుర్తు) పెట్టుకుని క్యాన్సిల్ బాణానికి గార్డ్ (ఆ బాణం మీద వెళ్ళాలంటే నిజం కావాల్సిన షరతు) రాయండి. నాకైతే చిన్న డబ్బాలే ఇష్టం, బొమ్మలో కంటికి కనపడతాయి. ఒక్క జాగ్రత్త, అలా పెడితే పెద్ద డబ్బా మీద పొడిగింపు లూప్ తిరిగినప్పుడు లోపలిది మొదటి చిన్న డబ్బాకి వెళ్ళిపోతుంది, చెక్ అయిన బిల్లు చెక్ కానిది అయిపోతుంది, అలా కాకుండా హిస్టరీ స్టేట్ పెట్టి ముందున్న చిన్న డబ్బాకే తిరిగొచ్చేలా చూసుకోవాలి.

ఫోన్ నంబర్ మార్పు, ఆఫీసు నోట్ రెండూ ఇంటర్నలే, చెప్పక్కర్లేదు.

స్టెప్ 5: ఎక్స్‌టర్నల్ లూప్‌లో ఏ పని ఎక్కడ పెట్టాలి

వరస గుర్తుంది కదా: ఎగ్జిట్ పాత టైమర్లు తీస్తుంది, బాణం మీది యాక్షన్ కొత్త గడువు తేదీని రికార్డులో రాస్తుంది, ఎంట్రీ ఆ రికార్డులో ఉన్న గడువు చూసి టైమర్లు పెడుతుంది. ఎంట్రీ ఎప్పుడూ రికార్డు నుంచే చదవాలి, ఈవెంట్‌తో వచ్చిన డేటా నుంచి చదవకూడదు. ఎందుకంటే ఈ స్టేట్‌లోకి పార్ట్-బి నింపినప్పుడూ వస్తాం, పొడిగింపుతోనూ వస్తాం, ఆ రెండు ఈవెంట్లతో వచ్చే డేటా వేరు, ఎంట్రీ ఒక ఈవెంట్ ఆకారాన్ని నమ్ముకుంటే రెండో దారిలో వచ్చినప్పుడు పడిపోతుంది.

కొత్త గడువుని మనమే 200 తో భాగించి లెక్కేసుకోవద్దు, పోర్టల్ జవాబులో వచ్చిన తేదీనే తీసుకోండి. రూల్ ఒకసారి 100 నుంచి 200 కి మారింది కదా, మళ్ళీ మారితే మన కోడ్ వెనకబడుతుంది.

ఇంకో పెద్ద విషయం, పోర్టల్‌ని పిలిచే పని బాణం మీద పెట్టకండి. ఎగ్జిట్ ఇప్పటికే టైమర్లు తీసేసింది, ఆ తర్వాత పోర్టల్ జవాబు ఇవ్వకపోతే పాత టైమర్లూ లేవు, కొత్తవీ లేవు, గడువు ఎప్పుడు దాటిందో చెప్పేవాడే ఉండడు. దాన్ని రెండు ఈవెంట్లుగా విడదీయండి. "పొడిగింపు అడిగాం" అనేది ఇంటర్నల్, పోర్టల్‌కి రిక్వెస్ట్ పంపి లాగ్‌లో రాస్తుంది, టైమర్లు అలాగే నడుస్తూ ఉంటాయి. పోర్టల్ ఒప్పుకున్నాక వచ్చే "పొడిగింపు వచ్చింది" మాత్రమే ఎక్స్‌టర్నల్ లూప్. పోర్టల్ కాదంటే "పొడిగింపు కాదన్నారు", అది మళ్ళీ ఇంటర్నల్, ఆఫీసులో ఒకరికి అలర్ట్.

గార్డులు కూడా రాయండి. గడువుకి 8 గంటల్లోపు ఉండాలి, కొత్త గడువు బిల్లు తీసిన రోజు నుంచి 360 రోజుల లోపే ఉండాలి. గార్డ్ అనేది ఏ యాక్షన్ కంటే ముందే, ఎగ్జిట్ కంటే కూడా ముందే చూస్తారు, కాబట్టి గార్డ్ ఫెయిల్ అయితే టైమర్లకి ఏమీ అవ్వదు.

స్టెప్ 6: అదే పని వేరే స్టేట్ నుంచి కూడా వస్తుందేమో చూడండి

పొడిగింపు గడువు దాటాక కూడా 8 గంటలు కుదురుతుంది. శుక్రవారం సాయంత్రం పొడిగిస్తే అది సెల్ఫ్ ట్రాన్సిషన్, శనివారం పొద్దున 7 కి పొడిగిస్తే అది గడువు దాటింది నుంచి చెల్లుబాటులో ఉందికి వెళ్ళే మామూలు బాణం. ఆఫీసులో మనిషి నొక్కే బటన్ ఒకటే, వాడికి ఈ తేడా తెలియక్కర్లేదు. మనం టైమర్లు పెట్టే పనిని ఎంట్రీలో పెట్టాం కాబట్టి రెండు దార్లలోనూ అదే పని తనంతట తనే జరుగుతుంది. అదే పనిని లూప్ బాణం మీద రాసి ఉంటే రెండో బాణం మీద కూడా కాపీ చెయ్యాలి, ఏదో ఒకరోజు ఒకటి మార్చి రెండోది మర్చిపోతారు. 8 గంటలు దాటితే మూసేశాంకి వెళ్ళే టైమర్ గడువు దాటింది అనే డబ్బాలో పెట్టండి.

స్టెప్ 7: రిట్రై లూపులు, కౌంటర్లు

బిజినెస్ ప్రాసెస్‌లో ఎక్కువగా కనపడే సెల్ఫ్ ట్రాన్సిషన్ ఇదే. "పోర్టల్‌కి పంపుతున్నాం" అనే స్టేట్ ఉంది, ఎంట్రీలో రిక్వెస్ట్ పంపుతాం, ఫెయిల్ అయితే అదే స్టేట్‌కి లూప్, మళ్ళీ పంపాలి కాబట్టి ఇది కచ్చితంగా ఎక్స్‌టర్నల్. మూడుసార్లు రిట్రై చేసి కుదరకపోతే "మనిషి చూడాలి"కి వెళ్ళాలి.

ఇక్కడ కౌంటర్‌ని సున్నా చేసే లైను ఎంట్రీలో పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ప్రతి లూప్‌కీ ఎంట్రీ నడుస్తుంది, ప్రతిసారీ సున్నా అవుతుంది, హద్దు ఎప్పటికీ రాదు, రాత్రంతా పోర్టల్‌ని కొడుతూనే ఉంటుంది. సున్నా చేసే పని బయటి నుంచి ఈ స్టేట్‌లోకి వచ్చే బాణం మీద ఉండాలి, ఒకటి కలిపే పని లూప్ బాణం మీద ఉండాలి, ఎంట్రీలో కౌంటర్ ఊసే ఉండకూడదు.

లెక్క కూడా ఒకసారి వేళ్ళ మీద చూసుకోండి. గార్డ్ ముందు, యాక్షన్ తర్వాత. కౌంటర్ 0 తో మొదలయ్యి "కౌంటర్ 3 కంటే తక్కువ" అని గార్డ్ పెడితే మొదటి ఫెయిల్‌కి 0, రెండోదానికి 1, మూడోదానికి 2, ఈ మూడుసార్లూ లూప్ తిరుగుతుంది, నాలుగో ఫెయిల్‌కి 3 కాబట్టి బయటికి పోతుంది. మొత్తం నాలుగుసార్లు పంపినట్టు, మొదటిది ఒకటి, రిట్రైలు మూడు. ఆఫీసు వాళ్ళు "మూడుసార్లు ట్రై చెయ్యండి" అన్నప్పుడు మొత్తం మూడా, మొదటిది కాక మూడా అని అడిగి రాసుకోండి. ఫెయిల్ ఈవెంట్‌కి ఉన్న రెండు బాణాల గార్డులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురుగా ఉండాలి, రెండూ నిజమయ్యే సందు కానీ, రెండూ అబద్ధమయ్యే సందు కానీ ఉండకూడదు. వెంటవెంటనే పంపకుండా నిమిషం, రెండు, నాలుగు అని ఎడం పెంచుకుంటూ పోండి.

స్టెప్ 8: డబ్బాలో డబ్బా ఉంటే లూప్ ఎక్కడ గీస్తున్నారో చూసుకోండి

ఈ-వే బిల్లు వదిలి కాసేపు కొనుగోలు ఇండెంట్ (ఫలానాది కొనమని పెట్టే కాయితం) అప్రూవల్‌కి వద్దాం, ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. "అప్రూవల్‌లో ఉంది" అనే పెద్ద డబ్బా, లోపల సెక్షన్ హెడ్ దగ్గర, అకౌంట్స్ దగ్గర, జీఎమ్ దగ్గర అని మూడు చిన్న డబ్బాలు. పెద్ద డబ్బాకి పది రోజుల మొత్తం గడువు, ఒక్కో చిన్న డబ్బాకి రెండేసి రోజుల గడువు అనుకోండి.

ఇండెంట్‌కి కామెంట్ రాశారు, కొటేషన్ జత చేశారు: ఇంటర్నల్, ఎవరి గడియారమూ కదలదు.

అకౌంట్స్‌లో చూసే ఆవిడ సెలవు మీద వెళ్ళారు, కాయితం ఇంకొకరికి అప్పగించారు. ఇది అకౌంట్స్ దగ్గర అనే చిన్న డబ్బా మీద ఎక్స్‌టర్నల్ లూప్. కొత్త మనిషికి నోటిఫికేషన్ వెళ్ళాలి, ఆయన రెండు రోజులు మొదటి నుంచి మొదలవ్వాలి, కానీ పెద్ద డబ్బా పది రోజుల గడియారం అలాగే నడవాలి. ఈ లూప్‌ని పెద్ద డబ్బా అంచు మీద గీస్తే పది రోజులూ మళ్ళీ మొదలవుతాయి, పైగా సెక్షన్ హెడ్ ఇచ్చిన అప్రూవల్ కూడా పోయి కాయితం ఆయన టేబుల్ మీదకి తిరిగొస్తుంది. మనుషుల్ని మార్చుకుంటూ పోతే ఒక ఇండెంట్ ఎన్ని నెలలైనా గడువు దాటనట్టే కనిపిస్తుంది.

అదే ఇండెంట్ మొత్తం రెండు లక్షల నుంచి ఐదు లక్షలకి పెంచారనుకోండి, అప్పుడు పెద్ద డబ్బా మీదే ఎక్స్‌టర్నల్ లూప్ కావాలి. రెండు లక్షలకి పెట్టిన సంతకం ఐదు లక్షలకి చెల్లదు. లోపలివన్నీ మొదటికి రావాలి, పాత సంతకాలు "పాత మొత్తానికి" అని గుర్తుతో హిస్టరీలో ఉండాలి. పది రోజుల గడువు కూడా మళ్ళీ మొదలవ్వాలా అనేది మాత్రం ఫైనాన్స్ వాళ్ళు చెప్పాలి, వద్దంటే ఆ గడియారాన్ని ఇంకా పై డబ్బాకి జరపండి.

యూఎమ్ఎల్‌లో లోకల్ అని మూడో రకం ఉంది, పెద్ద డబ్బాలోంచి బయటికి రాకుండా లోపలి డబ్బాల్ని మాత్రం మార్చడానికి. "సంతకాలు మొదటి నుంచి, పది రోజుల గడువు మాత్రం అదే" అన్నప్పుడు అదే సరిపోతుంది.

స్టెప్ 9: డేటాబేస్

ఎక్కువ బగ్గులు నేను చూసింది ఇక్కడే. డయాగ్రామ్ బాగానే ఉంటుంది, టేబుల్ మాత్రం స్టేటస్ అనే ఒక్క కాలమ్‌తో ఉంటుంది.

కోడ్‌లో ఎక్కడో "పాత స్టేటస్, కొత్త స్టేటస్ ఒకటే అయితే ఏమీ చెయ్యకు" అని ఒక లైను ఉంటుంది, వేగం కోసం పెట్టినదే, కానీ అది సెల్ఫ్ ట్రాన్సిషన్లన్నిటినీ మింగేస్తుంది. ముందు దాన్ని వెతికి తీసెయ్యండి. స్టేటస్ కాలమ్ మారితేనే పనిచేసే డేటాబేస్ ట్రిగ్గర్లూ ఇంతే.

తేదీలు మూడు కావాలి: ఈ స్టేట్‌లోకి మొట్టమొదట ఎప్పుడు వచ్చాం, ఇటీవల మళ్ళీ ఎప్పుడు ప్రవేశించాం, చివరి ఈవెంట్ ఎప్పుడు. ఎక్స్‌టర్నల్ లూప్ రెండోదీ మూడోదీ మారుస్తుంది, ఇంటర్నల్ మూడోది మాత్రమే మారుస్తుంది. ఎన్ని రోజుల నుంచి పెండింగ్ అనే రిపోర్టు మొదటిదాని మీద తీయాలి, గడువు రెండోదాని మీద. చాలా చోట్ల అప్‌డేట్ అయిన తేదీ ఒక్కటే ఉంటుంది, ఎవరో నోట్ రాస్తే చాలు ముప్ఫై రోజుల పెండింగ్ కాస్తా ఈరోజుది అయిపోతుంది.

హిస్టరీ టేబుల్‌లో ప్రతి ఈవెంట్‌కీ ఒక వరస: ఏ స్టేట్ నుంచి, ఏ స్టేట్‌కి, ఏ ఈవెంట్, ఇంటర్నలా ఎక్స్‌టర్నలా, ఎవరు, ఎప్పుడు. మొదటి రెండూ ఒకటే అయినా రాయాలి.

ఇప్పుడు ఇద్దరు ఒకేసారి నొక్కితే సంగతి. మామూలు ట్రాన్సిషన్లకి "స్టేటస్ ఇంకా పాతదే అయితేనే మార్చు" అని అప్‌డేట్ రాస్తే సరిపోతుంది, మొదటివాడు మార్చేశాక రెండోవాడికి సున్నా వరసలు వస్తాయి. సెల్ఫ్ ట్రాన్సిషన్‌కి ఈ కాపలా పనిచెయ్యదు! మొదటివాడు మార్చాక కూడా స్టేటస్ చెల్లుబాటులో ఉంది అనే ఉంటుంది, రెండోవాడు కూడా దర్జాగా లోపలికి వచ్చేస్తాడు, ఎంట్రీ రెండుసార్లు, మెసేజ్ రెండుసార్లు. అందుకే వెర్షన్ నంబర్ కాలమ్ తప్పనిసరి, ప్రతి ట్రాన్సిషన్‌కీ ఒకటి పెరగాలి, అప్‌డేట్ షరతు దాని మీద పెట్టాలి.

టైమర్‌కి కూడా ఒక నంబర్ ఇవ్వండి, ఎక్స్‌టర్నల్ ప్రవేశం జరిగినప్పుడల్లా పెరిగేది. పాత టైమర్‌ని తీసెయ్యమని చెప్పేలోపే అది మోగి క్యూలో కూర్చుని ఉండొచ్చు, అప్పుడు పొడిగించిన బిల్లుని పాత టైమర్ వచ్చి గడువు దాటిందిలో పడేస్తుంది. టైమర్ తన ప్రవేశం నంబర్ చెప్పాలి, అది ఇప్పటి నంబర్‌తో కలవకపోతే ఇగ్నోర్. ఇక్కడ వెర్షన్ నంబర్ వాడకండి, అది ఇంటర్నల్‌కి కూడా పెరుగుతుంది, బండి మారిన ప్రతిసారీ మంచి టైమర్లు కూడా చెల్లకుండా పోతాయి. బయటి నుంచి వచ్చే ఈవెంట్లకి వాటి ఐడీ దాచుకుని, రెండోసారి అదే ఐడీ వస్తే ఇగ్నోర్.

స్టెప్ 10: మీ టూల్‌లో దీన్ని ఏమంటారు

పైథాన్ ట్రాన్సిషన్స్ లైబ్రరీలో గమ్యం చోట సమానం గుర్తు పెడితే బయటికెళ్ళి వస్తుంది, నన్ అని పెడితే ఇంటర్నల్. డాట్‌నెట్‌లో స్టేట్‌లెస్ లైబ్రరీ నాకు చాలా నచ్చుతుంది, పర్మిట్ రీఎంట్రీ, ఇంటర్నల్ ట్రాన్సిషన్, ఇగ్నోర్ అని మూడూ వేరు పేర్లతో ఉంటాయి, చెప్పని ఈవెంట్ వస్తే ఎర్రర్ ఇస్తుంది, మనం స్టెప్ 4 లో చేసిన పనికి అచ్చు సరిపోతుంది. స్ప్రింగ్ స్టేట్‌మెషీన్‌లో విత్ ఎక్స్‌టర్నల్, విత్ ఇంటర్నల్, విత్ లోకల్ అని రాస్తారు. స్టేట్‌చార్టుల్ని ఎక్స్ఎమ్ఎల్‌లో రాయడానికి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2015లో ఖాయం చేసిన ఎస్‌సీఎక్స్ఎమ్ఎల్‌లో టార్గెట్ ఇవ్వకపోతే స్టేట్ వదలదు, అదే స్టేట్‌ని టార్గెట్‌గా ఇస్తే వదిలి మళ్ళీ వస్తుంది.

జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఎక్స్‌స్టేట్ వాడేవాళ్ళు మాత్రం బాగా చూసుకోవాలి. నాలుగో వెర్షన్‌లో అదే స్టేట్ పేరు టార్గెట్‌గా ఇస్తే బయటికెళ్ళి వచ్చేది. ఐదో వెర్షన్‌లో డిఫాల్ట్ ఇంటర్నల్ అయ్యింది, మళ్ళీ ప్రవేశించాలంటే రీఎంటర్ ట్రూ అని చెప్పాలి. వెర్షన్ మార్చినప్పుడు కోడ్ నడుస్తూనే ఉంటుంది, పొడిగింపు తర్వాత కొత్త టైమర్ మాత్రం పడదు.

బిజినెస్ ప్రాసెస్ బొమ్మల ప్రమాణమైన బీపీఎమ్ఎన్‌లో గీసేవాళ్ళకి, టాస్క్ అంచు మీద పెట్టే ఈవెంట్ నాన్ ఇంటరప్టింగ్ అయితే, అంటే చుక్కల గీత వృత్తం, అది ఇంటర్నల్‌కి దగ్గర. ఇంటరప్టింగ్ ఈవెంట్ పెట్టి బాణాన్ని తిప్పి అదే టాస్క్‌కి కలిపితే అది ఎక్స్‌టర్నల్ లూప్‌కి దగ్గర.

స్టెప్ 11: టెస్టులు

గడియారాన్ని మన చేతిలో ఉండేలా పెట్టుకుని రాయండి, నిజం టైమ్ మీద ఆధారపడొద్దు. నేను తప్పనిసరిగా రాసేవి ఇవి.

బండి మార్చాక గడువు టైమర్ అదే తేదీకి ఉందా, మెసేజ్ ఏమీ వెళ్ళలేదా. పొడిగించాక పాత టైమర్ పోయిందా, కొత్తది ఒక్కటే ఉందా, మెసేజ్ ఒక్కటే వెళ్ళిందా. మధ్యాహ్నం 3:59 కి పొడిగింపు వస్తే గార్డ్ ఆపిందా, 4:01 కి ఒప్పుకుందా, అర్ధరాత్రి దాటాక 7:59 కి వేరే బాణంలో వెళ్ళిందా, 8:01 కి ఆగిందా. పోర్టల్ జవాబు ఇవ్వనప్పుడు టైమర్లు బతికే ఉన్నాయా. చెక్ అయిన బిల్లుని పొడిగించాక కూడా క్యాన్సిల్ కుదరకుండానే ఉందా. ఒకే వెర్షన్ నంబర్‌తో రెండు పొడిగింపులు ఒకేసారి పంపితే ఒక్కటే నిలిచిందా. పాత ప్రవేశం నంబర్ ఉన్న టైమర్ ఆలస్యంగా మోగితే ఏమీ జరగలేదా. రిట్రై సరిగ్గా అనుకున్న సంఖ్య దగ్గర ఆగిందా.

ఈ టెస్టుల్ని లైబ్రరీ వెర్షన్ మార్చిన ప్రతిసారీ, ఎవరైనా ఒక స్టేట్ ఎంట్రీలో కొత్త లైను కలిపిన ప్రతిసారీ నడపండి. ఎంట్రీలో కొత్త లైను కలిపిన మనిషి ఆ డబ్బాకి ఉన్న లూపులన్నీ తీసి, ఈ లైను ప్రతి లూప్‌కీ నడిచినా ఫర్వాలేదా అని ఆఫీసు వాళ్ళని మళ్ళీ అడిగి, వాళ్ళు చెప్పింది కోడ్ రివ్యూలో రాయాలి.